పిన్ని చెప్పని ఆరు అంకెలు

ఉదయం తొమ్మిదింటికి రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒక మనిషి పేపరు చదువుతున్నట్టే కూర్చుని చచ్చిపోయాడు. మెడ మీద చిన్న సూదిపోటు. అతను గూఢచారి డిపార్ట్‌మెంట్ ఇన్ఫార్మర్. బూటులో దాచుకున్న చీటీ చీఫ్ బల్ల మీదికి చేరేసరికి పది దాటింది.

"చదువు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ముంగిస చదివాడు. 'నీటి కేంద్రం. పదకొండు గంటలు. క్లోరిన్.'

"విదేశీ ముఠా. ఊరంతా తాగే నీళ్లలో క్లోరిన్ మోతాదు యాభై రెట్లు పెంచుతారు. బాంబుల్లేవు, తుపాకుల్లేవు. అంతా కంప్యూటర్లోంచే."

"లోపలికి ఎలా దూరారు సార్?"

"వెళ్లి చూడు. చూశాక నవ్వకు."

పదీ నలభై అయిదుకి ముంగిస ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూంలో అడుగుపెట్టాడు. గడియారంలో కెమెరా, పెన్నులో మైకు, బెల్టులో ఇరవై మీటర్ల తాడు. వీటిలో ఒక్కదానితోనూ ఆ రోజు పని పడలేదు.

కార్డు చూపించగానే సూపర్‌వైజర్ లేచి నిలబడ్డాడు. మానిటర్ అంచుకి పసుపు చీటీ ఒకటి అంటించి ఉంది. ఆఫీసు పేరు, పక్కన 123.

"ఇదేమిటి?"

"పాస్‌వర్డండీ. మర్చిపోతామేమోనని."

"దొంగ కూడా మర్చిపోకుండా ఉండాలని రాసినట్టుంది."

ముంగిస ఆ చీటీని చెప్పుకి అంటిన బురదని చూసినట్టు చూశాడు. కింద కంప్యూటర్‌కి ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది. దాని మీద తెల్లకాగితం: 'బదిలీల జాబితా. రహస్యం.'

"పార్కింగ్‌లో దొరికిందండీ," అన్నాడు సూపర్‌వైజర్ నెత్తి గోక్కుంటూ. "నా పేరుందేమోనని..."

"ఉందా?"

"ఖాళీగా ఉందండీ."

"ఖాళీ కాదు. ముఠా వైరస్ ఉంది, ఊరి ప్రాణం ఉంది అందులో. మరి స్క్రీన్ మూల నుంచి అప్‌డేట్ చెయ్యమని అడుగుతోందేం?"

"అదా? రెండేళ్ల నుంచీ అడుగుతూనే ఉందండీ. రోజూ 'తర్వాత' అని నొక్కుతున్నాం."

ముంగిసకి ముఠా మీద కూడా రోత పుట్టింది. గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు. తలుపు బార్లా తీసి ఉంటే నడుచుకుంటూ లోపలికొచ్చారు. దీన్ని కూడా గూఢచర్యం అనాలా?

ఇక మిగిలింది ఒకే ఒక్క తాళం. మోతాదు మార్చాలంటే డ్యూటీ ఆపరేటర్ సెల్‌కి వచ్చే ఆరంకెల కోడ్ కొట్టాలి. ఆ రోజు డ్యూటీ మూల కుర్చీలో కూర్చున్న పెద్దావిడది. ఆఫీసంతా ఆమెని ముందు పిన్నీ అని పిలిచి, వెనక మొండిఘటం అనుకుంటారు. అప్పుడు కూడా ఆమె పెదవులు కదులుతున్నాయి, దేవుణ్ణి తలుచుకుంటోంది.

'ఈవిడా మన ఆఖరి కోట!' అనుకుని ముంగిస నెట్‌వర్క్ వైరు పీకడానికి వంగాడు.

"ముట్టుకోకు!"

గుమ్మంలో ఒకావిడ, నెమలినని చెప్పుకుంది. ముంగిస పేరు వినడమే తప్ప ఎన్నడూ చూడని డిపార్ట్‌మెంట్ సైబర్ నిపుణురాలు. ఆమె కంటే ముందు ఆమె సెంటు గదిలోకి వచ్చింది.

"వాన వచ్చేలా ఉందా?" అన్నాడు ముంగిస.

"గొడుగు నా దగ్గరుంది."

డిపార్ట్‌మెంట్ కోడ్‌వర్డ్ అది. ఆరేళ్లయింది పెట్టి. మార్చాలని ఎవరికీ తోచలేదు.

"వైరు పీకితే వాల్వులు వాటంతటవే తెరుచుకుంటాయి," అంది నెమలి కీబోర్డు ముందు కూర్చుంటూ. స్క్రీన్ మీద కోడ్ అడిగే పెట్టె వచ్చింది. గడువు అయిదు నిమిషాలు. మూలన పిన్ని సెల్ మోగింది. "ఆంటీ, ఆ కోడ్ చెప్పండి. అది కొడితే ముఠా బయటికి పోతుంది."

"చెప్పను మేడమ్."

"అమ్మా, ఆవిడ మా మనిషే!" అన్నాడు ముంగిస.

"ఎవరికీ చెప్పవద్దని ఇందులోనే రాసుంది బాబూ. ఈవిడ ఎవరో ఒకరే కదా మరి?"

ఇంకా మూడు నిమిషాలు. ముంగిస ఫోన్ మోగింది. తెర మీద చీఫ్ నంబరు, చెవిలో చీఫ్ గొంతు. "కోడ్ నెమలికి ఇప్పించు. ఇది ఆర్డర్!"

"విన్నారా? మా చీఫే చెప్పారు. ఇలాంటి మూర్ఖత్వం వల్లే ఊళ్లు మునిగేది!"

పిన్నికి కోపం రాలేదు. "మీ పెద్దాయన నంబరు నీకు నోటికొచ్చు కదా? అది పెట్టేసి నువ్వే చెయ్యి నాయనా. మా హెడ్డాఫీసు ఫోన్ చేసినా నేనంతే. గొంతుదేముంది, ఎవరైనా పెట్టుకోవచ్చు."

ఆవిడ నోరు మూయించడానికే చేశాడు ముంగిస.

"ఏమైంది?" అన్నాడు చీఫ్.

"సార్, ఇప్పుడే మీరు..."

"నేనా? నేనెప్పుడు చేశాను?"

"నెమలి కూడా..."

"నెమలేంటి? ఆవిడ సెలవులో ఉంది కదయ్యా!"

ముంగిస తిరిగేసరికి ఆ దొంగ నెమలి పిన్ని వెనక నిలబడి ఉంది. చేతిలో లిప్‌స్టిక్, దాని చివర సన్నటి సూది. పొద్దున ప్లాట్‌ఫారం మీద దిగింది ఆ సూదే.

"చెప్పు ఆరు అంకెలు!"

పిన్ని కళ్లు మూసుకుంది. "నా మనవడు కూడా ఈ నీళ్లే తాగుతాడమ్మా," అని పెదవులు బిగించేసింది. దేవుడు మనిషి చేతికి తాళం ఇచ్చి, నోటికి మాత్రం ఎందుకు గడియ పెట్టలేదో! అయినా కొందరు వాళ్ల గడియ వాళ్లే పెట్టుకుంటారు కాబోలు.

ఇంకా పది సెకన్లు. ముంగిస టూల్‌బాక్స్ విసిరాడు. నెమలి మణికట్టుకి తగిలి సూది ఎగిరిపడింది. అతను ఆమె చెయ్యి వెనక్కి విరిచి పట్టుకునేలోగా పిన్ని వంగి వైరు పీకేసింది. నెమలి బెదిరించినట్టు వాల్వులేమీ తెరుచుకోలేదు. రెండు సెకన్ల తర్వాత స్క్రీన్ మీద అక్షరాలు కనిపించాయి: 'గడువు ముగిసింది.'

సూపర్‌వైజర్ బల్ల కిందినుంచి బయటికొచ్చి, "అయితే ఆ జాబితా అబద్ధమేనాండీ?" అన్నాడు.

ఆ సాయంత్రం ముంగిస తన కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చుకున్నాడు. అంతవరకూ అందులో ముంగిస పక్కన ఏ మూడు అంకెలున్నాయో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

మర్నాడు చీఫ్ అన్నాడు: "ఆవిడ మన డిపార్ట్‌మెంట్‌లో ఉండాలయ్యా. ఫోన్ చేసి పిలువు."

"పిన్నిగారూ, నేను ముంగిసని. మా చీఫ్ మీకు ఉద్యోగం..."

"అలాగే అంటారు నాయనా," అని పెట్టేసింది.

ముంగిస మళ్లీ చేశాడు. అప్పటికే బ్లాక్ చేసేసింది.