శుక్రవారం గంతు

"లావు మనిషిలా వెళ్లాలి. గుర్తుంచుకో," అన్నాడు చీఫ్.

అన్నాడో లేదో గానీ పొగకి అలాగే వినబడింది. ఫోన్ లైను ఆ రోజు కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు చిటపటలాడుతోంది.

పొగ అన్నది డిపార్టుమెంటు పెట్టిన పేరు. ఎలాంటి తలుపు సందులోంచైనా దూరిపోతాడని. సిగరెట్లు మానేసి ఏళ్లు గడిచినా పేరు మాత్రం అతన్ని మానలేదు. ఇంత సర్వీసులో అతనికి దక్కింది పొగే గానీ పొగడ్త కాదు.

"ఎక్కడికి సార్?"

"మీ అక్క వాళ్ల ఊరికి."

పొగ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అక్కడి కొండ కిందున్న అబ్జర్వేటరీ నించి వారం వారం ఒక మెసేజ్ బయటి దేశానికి పోతోంది. ఒకటే వాక్యం. ‘పాప నిద్రపోతోంది.’ మొన్నటిదాంట్లో ఇంకో ముక్క కలిసింది. ‘ఈ వారం లేస్తుంది.’"

"పాపెవరు సార్?"

"కొండే. అది నిప్పుల కొండ కదా. కింద హార్బర్లో మన నేవీ సగం రిపేర్లకి లంగరేసి ఉంది. ఆ పక్కన మీ అక్క ఊరు."

"వాళ్లు కొండని పేలుస్తారా?"

"పేల్చక్కర్లేదయ్యా. అది పేలే ముందు మనకి తెలియకుండా చేస్తే చాలు. యుద్ధం లేదు, తూటా ఖర్చు లేదు. అబ్జర్వేటరీలో మన ఏజెంటు ఒకావిడ ఉంది, పేరు పట్టు. కలువు. నువ్వు ‘దుప్పటి తెచ్చావా’ అను. తను ‘చలి లేదు’ అంటుంది. మళ్లీ చెప్తున్నా, మామూలుగా వెళ్తే లోపలికి రానివ్వరు. లావు..." చిటపట. "...మనిషిలా!"

"అలాగే సార్," అన్నాడు పొగ, ఆజ్ఞని ప్రశ్నించే అలవాటు లేక.

మేకప్ సెక్షన్ వాళ్లు మంచి స్పాంజి పొట్ట ఒకటి కట్టారు. బొడ్డు నొక్కితే వైర్‌లెస్ ఆన్ అవుతుంది. మరి అంత లావు మనిషి ప్రభుత్వ ఆఫీసులో ఏం చేస్తాడు? కుర్చీలు తనిఖీ చేస్తాడు. ఐడీ కార్డు మీద ‘ఫర్నిచర్ ఇన్‌స్పెక్టర్’ అని కొట్టించుకుని బయల్దేరాడు.

అక్క తలుపు తీసి, తమ్ముణ్ని పైనించి కిందికి, తర్వాత అడ్డంగా చూసింది.

"ఏంట్రా ఇలా ఊరిపోయావ్?"

"ఊరికొచ్చాను కదక్కా, ఊరాను."

ఆమె నవ్వలేదు. బావ పోయాక ఆమెని చూడటం ఇదే మొదటిసారి. బావ కొండ మీది సెన్సర్లు బాగుచేసే టెక్నీషియన్. ఒక రోజు పైన విషపు గాలి పీల్చి అక్కడే పడిపోయాడు. అంత్యక్రియలకి పొగ రాలేకపోయాడు. ఆ వారం వేరే దేశంలో ఇంకొకడి అంత్యక్రియలకి ఏర్పాట్లు చేస్తున్నాడు.

"ఆ తలుపు దగ్గరికి వెయ్యకు. పడదు," అంది అక్క. "వడ్రంగి వచ్చి చెక్కిపోతాడు, వారం తిరక్కుండా మళ్లీ పట్టేస్తుంది. కాళ్లు కడుక్కో. వేడినీళ్లు కావాలంటే చన్నీళ్ల కుళాయే తిప్పు."

పొగ తిప్పాడు. వేడినీళ్లే వచ్చాయి.

"గీజర్ కరెంటు కలిసొస్తోంది," అంది అక్క, ఇంకెవరి ఇంటి సంగతో చెబుతున్నట్టు.

టేబుల్ మీద పెట్టిన పెన్ను దానంతటదే దొర్లి సముద్రం వైపు కింద పడింది. తీసి పెట్టాడు. మళ్లీ అటే పడింది. ఇల్లు వాలింది. ఇల్లొక్కటే అయితే మేస్త్రీని తిట్టొచ్చు. కానీ దార్లో వీధి వీధంతా గుమ్మాలు వంకరగానే కనబడ్డాయి. కొండ కింద ఏదో లేస్తోంది, నేలని ఒక పక్కకి ఎత్తుతోంది. ఇంత జరుగుతుంటే అబ్జర్వేటరీ మాత్రం రోజూ బోర్డు మీద ‘సాధారణం’ అని రాసి పెడుతోంది.

అక్క పనిచేసేదీ ఆ అబ్జర్వేటరీలోనే. భూమి కదలికలు చూపించే తెరల ముందు కూర్చోవడం ఆమె ఉద్యోగం. ఒకప్పుడు ఆ గదిలో కూర్చోవడానికి చోటుండేది కాదట. సిబ్బందిలో కోతలు కోసి కోసి, చివరికి ఆమె, డైరెక్టరు పెద్దాయన మిగిలారు. పెద్దాయన వెనకటికి ఒకసారి సైరన్ మోగించాడు. ఊరంతా పరుపులు మోసుకుని వంతెన దాటి అవతలి గట్టు మీద పడుకుంది. కొండ ఓ బూడిద తేన్పు తేన్చి ఊరుకుంది. తిరిగొచ్చిన జనం ఆయనకి ‘తేన్పుల డైరెక్టర్’ అని పేరు పెట్టారు. అప్పట్నించి సైరన్ తాళం మెళ్లో వేసుకుని తిరుగుతాడు, పొరపాటున కూడా దాన్ని ముట్టుకోడు. కంప్యూటర్ ‘సాధారణం’ అందంటే ఆయన ప్రాణం కుదుటపడుతుంది.

శుక్రవారం పొద్దుటే పొగ తనిఖీ మొదలెట్టాడు. ప్రతి కుర్చీలోనూ కూర్చుని, "ఊఁ, బలంగానే ఉంది," అంటూ గది గదీ తిరిగాడు. సెన్సర్ల తీగలన్నీ వచ్చి చేరే రిలే గదిలో, నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మెళ్లో రాగిరంగు స్కార్ఫుతో ఒకావిడ యంత్రాల మధ్య కూర్చుని ఉంది. ఆ గదిలో తుప్పు పట్టనిది ఆమె ఒక్కతే. సెన్సర్ల కంపెనీ ప్రతినిధిగా చలామణీ అవుతోంది.

"దుప్పటి తెచ్చావా?"

"చలి లేదు," అంది పట్టు. తర్వాత అతని పొట్ట చూసింది. "నీకైతే అసలే ఉండదు. ఏంటీ వేషం?"

"ఆర్డర్స్. కొత్త సంగతులేంటి?"

"ఏమీ లేవు. కనెక్షన్లన్నీ నేనే చూశాను. పాప నిజంగానే నిద్రపోతోంది. టీ తాగి బండెక్కెయ్."

పట్టుతో అతనికి పాత పరిచయం. ఒకప్పుడు పెళ్లిదాకా వచ్చిన పరిచయం. ఆమెకి ఆ పేరు వచ్చింది వేసుకునే బట్టల వల్ల కాదు, పట్టిందాన్ని వదలకపోవడం వల్ల. తనని మాత్రం ఎలా వదిలిందా అని పొగ ఇప్పటికీ ఆలోచిస్తుంటాడు. ఆ పాత మోజు వల్లే కాబోలు, ఆమె మాట నమ్మి టీ తాగడానికి అక్క గదిలోకి వెళ్లాడు.

తెర మీద గీత దారం పరిచినట్టు పోతోంది. ఉన్నట్టుండి అది ఎగిరింది. ఒక పెద్ద గంతు, దాని వెనకే ఓ మోస్తరు గంతు. కాసేపు ఆగి, చిటికేసినంత చిన్నది ఇంకొకటి.

అక్క చెయ్యి తెర దాకా వెళ్లి ఆగింది. పెదాలు కదిలాయి. "అందిందండీ."

పొగ గ్లాసు కింద పెట్టాడు. "ఏం అందిందక్కా?"

"ఏం లేదు. నువ్వు టీ తాగు."

"అక్కా."

ఆమె తెర అంచు మీది దుమ్ము వేలితో తుడిచింది.

"సెన్సర్ దగ్గరికి ఎవరు వెళ్లినా పక్కన నిలబడి గెంతాలిరా. తీగ తెగలేదని ఇక్కడ తెలియడానికి. ఇక్కణ్నించి ‘అందింది’ అని వైర్‌లెస్‌లో చెప్పాలి. ఎవరి గంతు వాళ్లది, సంతకంలాగా. మీ బావకి ఎడమకాలు కొంచెం ఈడ్పు కదా, అందుకని ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడేది."

"మరి ఆ చిన్నది?"

"అది డ్యూటీ కాదు." అక్క తెరకేసే చూస్తోంది. "అది నాకు."

పొగ లేచి సముద్రం వైపు గోడకి చేరబడ్డాడు.

"ప్రతి శుక్రవారం ఈ వేళకే వస్తున్నార్రా. నాకేం పిచ్చి కాదు. నా చేత్తో సాగనంపాను, నాకు తెలీదా? కానీ వస్తున్నారు. వచ్చే మనిషిని రావద్దని ఎలా చెప్పను? ఎవరికీ చెప్పకు. మెషీన్ పాడైందని బాగుచేసేస్తారు."

పొగకి వెన్ను చల్లబడింది. ఈ ఊళ్లో ఆ రోజు చల్లగా ఉన్నది అదొక్కటే.

"బావ పోయాక పైకి ఎవరెళ్లారు?"

"ఎవరూ వెళ్లలేదు. విషపు గాలి అని దారి మూసేశారు."

"అక్కా, ఇది ఇప్పటిది కాదు. బావ ఉన్నప్పటి ఒక వారాన్ని రికార్డు చేసి తిప్పి తిప్పి వేస్తున్నారు. అసలు కొండ ఏమంటోందో ఈ తెరకి తెలీదు."

"బ్రహ్మాండం," అంది పట్టు గుమ్మంలోంచి. చేతిలో చిన్న పిస్టల్. "కొండ మరీ బిగుసుకుని పడుకుంటే అనుమానం వస్తుందని, చిన్న చిన్న కదలికలున్న వారాన్ని ఏరి మరీ పెట్టాను. అవి కదలికలు కావు, కాపురం అని నాకేం తెలుసు?"

"ఎప్పట్నించి?" అన్నాడు పొగ.

"రెండు వైపులా పనిచెయ్యడమా? నువ్వు పెళ్లి వాయిదా వేసినప్పట్నించి అనుకో. అమ్మా, మీ ఆయన చావులో నా చెయ్యి లేదు. ఆయన తర్వాత పైకి ఎవరూ పోవట్లేదని తెలిశాకే ఈ పెట్టె బిగించాం." పిస్టల్‌తోనే టేబుల్ కిందున్న నల్లటి పెట్టె చూపించింది. "ఇవాళ సాయంత్రానికి అయిపోతుంది. రేవులో మా బోటుంది. ఇద్దరికీ చోటిప్పిస్తాను. నీ పొట్టకి మాత్రం గ్యారంటీ లేదు."

"ఊళ్లో వాళ్లకి?"

"సైరన్ వేసినా ఎవడు కదుల్తాడు? తేన్పనుకుంటారు. కదిలినా బయటికి దారి ఒక్కటే, వంతెన. అదీ ఇప్పటికే బీటలు వారింది. నువ్వు గెలిచే ఆట కాదిది."

ఆమె చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఆమె నోటి వెంట వరసగా ఇన్ని నిజాలు వినడం పొగకి అదే మొదలు. పొట్టతో పాటు ఒళ్లంతా స్పాంజి అయిపోయినట్టనిపించింది.

అక్క కుర్చీలోంచి లేచి, పెట్టె పక్కన కూలబడింది. చెయ్యి తీగ మీద వేసింది.

"ముట్టుకుంటే కాలుస్తాను," అంది పట్టు.

"కాల్చమ్మా," అంది అక్క. ఆ గొంతులో ధైర్యం లేదు, విసుగు కూడా లేదు. "ఇది పీకితే ఆయన మళ్లీ పోతారు. నేను మళ్లీ సాగనంపాలి. దానికంటే నీ తుపాకీ పెద్దదేం కాదు." తెరవైపు తిరిగి, వీధి గుమ్మం దగ్గర నిలబడి చెప్పినట్టు, "వెళ్లిరండి," అంది.

తీగ పీకేసింది.

దారంలా పోతున్న గీత ఒక్క క్షణం మాయమైంది. మరుక్షణం తెర ఈ చివర నించి ఆ చివరిదాకా నల్లబడిపోయింది. గీతలు కావవి, గీతల మీద గీతలు. తారు పోసినట్టు. దాన్ని చూసి పట్టు ముఖం తెల్లబోయింది. "ఇంత ముందా? సాయంత్రం అన్నారే!" కళ్లు కిటికీలోంచి రేవు మీదికి పోయాయి. బోటు అప్పటికే సముద్రం మధ్యలో ఉంది. ఆమె కోసం ఎవరూ ఆగలేదు.

అప్పుడు నేల ఒక్క ఊపు ఊగింది. పట్టు పట్టు తప్పింది. పిస్టల్ చేతిలోంచి జారి గచ్చు మీద పడి, అక్క ఇంట్లో పెన్ను దొర్లిన వైపే, సముద్రం వైపు గోడకి జర్రున జారింది. ఆ గోడకే ఆనుకుని నిలబడి ఉన్నాడు పొగ. ఈ ఊళ్లో ఏ వస్తువు జారినా ఎటు పోతుందో అతనికి తెలుసు. వంగుదామంటే పొట్ట అడ్డం. కాలితో తొక్కిపెట్టాడు.

పట్టు అతనికేసి ఒకసారి చూసి, గుమ్మం దాటి రేవు వైపు పరిగెత్తింది. మళ్లీ ఎవరికీ కనబడలేదు.

పొగ బొడ్డు నొక్కాడు. "హార్బర్! ఓడలన్నీ బయటికి తీయండి! ఇంజన్ ఉన్నవాటితో లేనివాటిని లాగించండి!"

చప్పుడుకి పెద్దాయన గదిలోంచి వచ్చాడు. తెర చూసి గోడ పట్టుకున్నాడు.

"నేను మోగిస్తే... జనం నవ్వుతారు బాబూ."

"నవ్వడానికైనా మనుషులుండాలి కదండీ," అంది అక్క.

ఆయన మెళ్లోంచి తాళం తీశాడు. ఆ సైరన్ పాతకాలంది, తాళం తిప్పి పట్టుకున్నంతసేపే మోగుతుంది. వదిలితే ఆగిపోతుంది. "మీరు పదండి," అన్నాడు, తిప్పి పట్టుకుని.

అక్క, పొగ ఎక్కిన లారీ వంతెన దాటేదాకా సైరన్ ఆగలేదు. దాటిన కాసేపటికి ఆగింది. వంతెన కూడా అంతసేపే ఆగింది.

ఓడలు ఓడలేదు, అన్నీ బయటపడ్డాయి. ఓడింది ఊరు. సగం మంది పరిగెత్తారు. మిగతా సగం మళ్లీ తేన్పే అనుకుని తలుపులు వేసుకున్నారు. పడని తలుపులు.

అవతలి గట్టు మీద లారీలన్నీ బారుగా ఆగాయి. జనమంతా బూడిద రంగులో ఉన్నారు, ఎవరు ఎవరో గొంతుని బట్టి పోల్చుకోవాల్సిందే. ఊరు ఉన్నచోట ఎర్రటి వెలుగు మెల్లగా నడుస్తోంది. అక్క లారీలో పడుకుని ఉంది. తల కింద స్పాంజి పొట్ట.

చీఫ్ జీపు దిగి వచ్చాడు. "నేవీ మొత్తం సేఫ్. మిషన్ సక్సెస్. రిపోర్టులో ఏం రాయమంటావ్?"

"పాప లేచిందని రాయండి."

చీఫ్ తల ఊపి, అక్క తలకింద చూశాడు. "అదేంటి?"

"నా పొట్ట సార్. మీరేగా లావు మనిషిలా వెళ్లమన్నారు."

"లావు మనిషా? లావా మనిషి అన్నానయ్యా! లావా! నిప్పుల కొండల సైంటిస్టులా వెళ్లమన్నాను! ఆ మాట చెప్తే ఆ డైరెక్టరు నిన్ను నేరుగా మెషీన్ల దగ్గర కూర్చోబెట్టేవాడు!"

లారీలో అందరూ విన్నారు. ఒక ముసలాయన ఫక్కుమన్నాడు. పక్కనున్నావిడ అందుకుంది. చూస్తుండగానే లారీ లారీ అంతా నవ్వింది. కొందరు మధ్యలో ఏడుపులోకి దిగిపోయారు, ఎక్కడ దిగారో వాళ్లకే తెలీలేదు.

"ఆయనుంటే," అంది అక్క, "దీనికి నెల రోజులు నవ్వేవారు."

ఆమె మెల్లగా కాలు చాపి లారీ చెక్కని తన్నింది. గట్టిగా ఒకటి, మెత్తగా ఒకటి. కాసేపు ఆగి, చిటికేసినంత చిన్నది ఇంకొకటి. కింద ఏ సెన్సరూ లేదు. కొండ మీద కూడా ఇంకేదీ మిగల్లేదు.

"అందిందక్కా," అన్నాడు పొగ.

"ఏం అందింది?" అన్నాడు చీఫ్.

"మీ మాట కాదులెండి సార్. అది నాకెప్పుడు సరిగ్గా అందింది గనక!"