చింపిన ఆఖరి పేజీ

పాండురంగారావు గారు అద్దె పుస్తకాల షాపు మూసేస్తున్నారని తెలిసి ఆకివీడు నుంచి ఏలూరు పరుగెత్తుకొచ్చాను. ‘తొమ్మిదో కక్ష్య’ చిన్నప్పటి నుంచీ నా ప్రాణం. ఏడు భాగాల అంతరిక్ష నవల. ఏడో భాగం మీద చెయ్యి వేశానో లేదో, దాని మీదే ఇంకో చెయ్యి పడింది.

“వదలండి. ముందు నేను చూశాను.”

“నేను పదకొండేళ్లప్పుడే చూశానండి.”

“నేను పదేళ్లప్పుడు,” అంది ఆ అమ్మాయి.

పేరు సలోమి. తాడేపల్లిగూడెంలో సైన్స్ టీచరు. కథలో ఓడ ఆగిన గ్రహాలన్నీ వరసగా అప్పజెప్పింది. ఒకటి తప్పన్నాను. కళ్లెర్రజేసింది. ఆ కోపం నాకు తెగ నచ్చేసింది.

“ఇది చూడండి. ఆఖరి పేజీ ఎవడో చింపేశాడు. ఓడ కమాండర్ ఇల్లు చేరాడో లేదో తెలీక పన్నెండేళ్లుగా నా మనసు కొట్టుకుంటోంది. వాడు నాకు దొరకాలీ, చెబుతా!”

వాడు ఎదురుగానే ఉన్నాడు. పేజీ నా పర్సులో ఉంది. చిన్నప్పుడు, మర్నాడు ఏలూరు వదిలి వెళ్లిపోతున్నామని, పుస్తకం తిరిగిచ్చెయ్యడానికి మనసొప్పక, ఆ ఒక్క కాగితం చింపేసుకున్నాను.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. “ఇంకో కాపీ వెతుకుదామండీ,” అన్నాను.

ఇక ప్రతి ఆదివారం, చర్చి అవగానే ఇద్దరం బస్సెక్కడమే. గూడెం, అత్తిలి, భీమవరం, ఎక్కడ పాత పుస్తకాలుంటే అక్కడికి. ఆమె అట్టల దుమ్ము దులుపుతుంటే నేను పర్సు తడుముకునేవాణ్ణి. వారమంతా చేపల చెరువుల గట్ల మీద నీళ్లు టెస్ట్ చేస్తూ, చెబితే పోతుంది, చెప్పకపోతే మోసం అనుకుంటూ తిరిగేవాణ్ణి. నిద్ర లేదు, తిండి సయించదు.

నాలుగో ఆదివారం కొల్లేరు మీద వాన. బస్సు కిటికీ మూస్తూ సలోమి అంది: “ఇంక దొరకదులెండి, సుకుమార్ గారూ. మిమ్మల్ని ఊరికే తిప్పుతున్నాను. ఇవాళ్టితో ఆపేద్దాం.”

పర్సు తీసి పేజీ ఆమె చేతిలో పెట్టాను. “చింపింది నేనేనండి. మీతో తిరగాలని దాచాను.”

ఆమె పేజీ వైపు చూసింది. నా వైపు చూడలేదు. ఏలూరులో దిగి, పేజీ పట్టుకుని వానలోనే గూడెం బస్సు వైపు వెళ్లిపోయింది.

వారమంతా ఫోను లేదు. ఆదివారం ఉండబట్టలేక గూడెం బస్టాండుకి వెళ్లి నిలబడ్డాను. రెండు గంటల తర్వాత గొడుగేసుకుని వచ్చింది.

“చదివారా?” అడిగాను.

“లేదు. చదివేస్తే మనం తిరగడానికి సాకేముంటుందండీ?”

“మరి... ఇప్పుడెక్కడికి?”

“మా ఇంటికి. పేజీ దొంగ దొరికాడని నాన్నగారికి చెప్పేశాను. భోజనానికి తీసుకురమ్మన్నారు.”