ఖాళీ సీటు బరువు

మహాదేవి చనిపోయిన రోజు మిట్టమధ్యాహ్నం, చాగలమర్రి దాటాక రోడ్డు మీద ఎక్కడా నీడ లేదు. ఒంటిమిట్టలో దర్శనం చేసుకుని కర్నూలుకు తిరిగి వస్తున్నాం. నేను కారు నడుపుతున్నాను. పక్క సీట్లో నా భార్య మహాదేవి, వెనక మా అమ్మాయి శివాని.

"కొంచేపు కండ్లు మూసుకుంటా. నంద్యాల వస్తే లేపండి" అంది మహాదేవి.

నంద్యాల వచ్చింది. మంచి నిద్రలో ఉందని లేపలేదు. ఊరు దాటాక టీ కోసం ఆపి భుజం తట్టాను. తల పక్కకు వాలిపోయింది. అంతసేపూ ఆమెను కూర్చోబెట్టి ఉంచింది సీటు బెల్టు ఒక్కటే.

గుండె ఆగి చాలాసేపయిందన్నాడు డాక్టరు. ఆ చాలాసేపూ నేను ఆమెతో మాట్లాడుతూనే వచ్చాను.

ప్రాణం పోయిన బండిని దిష్టి తీయకుండా ఇంటి ముందు నిలపకూడదని మా వైపు పట్టింపు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి గుమ్మడికాయ పగలగొడితే సరిపోయేది. కానీ మా అక్క కృష్ణవేణమ్మ భయపడిపోయింది. ఆదోని వైపు నుంచి ఈరప్ప అనే మంత్రగాణ్ణి పిలిపించింది. అతను కారును తన దగ్గర పెట్టుకున్నాడు. మహాదేవి దువ్వెన కావాలని అడిగితే అక్క ఇచ్చింది. కర్మలన్నీ ముగిశాక కారు ఇల్లు చేరింది.

నేను పాఠాలు చెప్పే బడికి శివానిని తీసుకుని మళ్లీ బయలుదేరిన మొదటి ఉదయం, వీధి మలుపు తిరగకముందే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. టింగ్... టింగ్... టింగ్... పక్క సీట్లో మనిషి ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు, అని దాని అర్థం. పక్క సీటు ఖాళీగా ఉంది!

వెనక నుంచి శివాని నెమ్మదిగా అంది. "అమ్మను బెల్టు పెట్టుకోమంటాంది నాన్నా."

తర్వాత ఆ పిల్లకు తిండి సహించలేదు. ఇంట్లో ఉన్నా కిటికీలోంచి కారునే చూసేది. ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

"అమావాస్య రోజు ముందు సీట్లో కూచుంటా నాన్నా. రమ్మని పిలుస్తాండారు."

"ఎవరమ్మా? అమ్మా?"

శివాని కంచంలోకి చూస్తూ అంది. "అమ్మ కాదు."

అమావాస్య మరుసటి రోజే.

పొద్దున్నే కారును బళ్లారి చౌరస్తా దగ్గర సర్ఫరాజ్ షెడ్డుకు తీసుకెళ్లాను. సర్ఫరాజ్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు కార్ల కరెంటు పనులు చేస్తున్నాడు. శివానిని ఒంటరిగా ఇంట్లో వదలలేక వెంట తెచ్చాను. మాకంటే ముందు వచ్చిన బండ్లన్నీ అయ్యి మా కారు దగ్గరికి వచ్చేసరికి సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. శివాని ఏసీ కోసం వెనక సీట్లోనే కూర్చుని ఉంది.

"ముందు సీట్లో పరీక్ష పేపర్ల కట్టలేమన్నా పెట్టినారా సార్? దానికి మనిషైనా ఒకటే, కట్టైనా ఒకటే. బరువు పడితే సాలు, బెల్టు పెట్టుకోమని అరుస్తాది."

"ఏమీ పెట్టలేదప్పా."

"అయితే సెన్సర్‌కు మీ మింద శానా ప్రేమ ఉన్నట్లుండాది!" అని నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "మాఫ్ చేయండి సార్. మరిచిపోయినా."

బెల్టు లాగి బక్కిల్‌లో పెట్టాడు. మోత ఆగింది. తీశాడు. మోగింది. "బక్కిల్ బాగానే ఉండాది." సీటు కిందికి దూరి కనెక్టర్ ఊడదీశాడు. దీపం ఆరిపోయింది. తగిలించాడు. వెలిగింది. సీటు పట్టాల వెంట వైరును వేళ్లతో తడుముతూ, మీటరు పెట్టి చూస్తూ వచ్చాడు.

"వైరు యాడా రాసుకోలేదు, తెగలేదు. సీటు మెత్త మింద పల్చని షీటు ఉంటాది సార్, అదే సెన్సర్. దాన్ని ఏందో నొక్కుతాంది."

సీటు కవరు విప్పాడు. చేతులు అక్కడే ఆగిపోయాయి.

"యా అల్లా..."

షీటు మీద అరచేయంత రాగిరేకు! దాని మీద వంకర గీతల చక్రం. ఆ చక్రం చుట్టూ బిగించి చుట్టిన పొడవైన నల్లని వెంట్రుకలు. కొసలకు గోరింటాకు ఎరుపు ఇంకా ఉంది. అవి ఎవరివో నేను వేరే అడగక్కర్లేదు.

సర్ఫరాజ్ కటింగ్ ప్లేయరుతో రేకును పట్టుకుని లాగి నేల మీద పడేశాడు. దీపం ఆరింది. మోత లేదు. "దొరికింది సార్! ఇదే!" అన్నాడు. నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

అప్పుడు లేచింది సుడిగాలి... ఎండలో ఎర్రటి దుమ్ము స్తంభంలా లేచి, రోడ్డు దాటి షెడ్డు ముందు ఆగింది. దుమ్ము అణిగేసరికి అక్కడ ఈరప్ప నిలబడి ఉన్నాడు. మా ఇంటికి పోతూ దారిలో కారును చూశాడో, రేకు కదిలిందని తెలిసి వచ్చాడో నాకు తెలియదు. నుదుట కుంకుమ చెమటకు కారుతోంది. చంకలో నల్లగుడ్డలో చుట్టిన కపాలం!

"ఏమప్పా మేష్టరూ! నా చక్రాన్నే పీకినావా?"

"నీకేం కావాలి? చెప్పు, ఇచ్చేస్తా. మమ్మల్ని వదిలెయ్యి."

"దుడ్లు ఎవనికి కావల్లప్పా! నీ పెండ్లాన్ని ఆ సీట్లో కట్టేసినా. అది నేను సెప్పినట్ల నా ఎంట నడవల్లంటే దాని నెత్తురు పంచుకున్న బిడ్డ ఆడ కూచోవల్ల. ఈ మద్యాన్నమే! రేకు పీకితే ఆగుతుందనుకుంటివా? రేకు లేకుంటే నేనే కూచుంటా, నేనే కట్టి పట్టుకుంటా!"

అడ్డం వెళ్లిన నన్ను ఒక్క తోపు తోశాడు. ముందు తలుపు తీసి, పీకేసిన కవరు మీదే కూర్చుని, కపాలాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. అంత మనిషి కూర్చున్నా దీపం వెలగలేదు. నాలుగు తలుపులూ ఠక్కున లాక్ అయ్యాయి!

"పాపా... రా... ముందుకు రా..."

శివాని కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో చూపు లేదు. రెండు సీట్ల మధ్యనుంచి ఒక కాలు ముందుకు పెట్టింది. నేను అద్దం మీద పిడికిళ్లతో కొట్టాను. "శివానీ! వద్దమ్మా!" పని కోసం ముందే ఎత్తి పెట్టిన బానెట్ కింద చేయి పెట్టి, సర్ఫరాజ్ బ్యాటరీ వైరు, ఫ్యూజులు పీకేశాడు. ఇంజను ఆగింది.

కరెంటు లేని కారులో ఎర్రదీపం వెలిగింది.

టింగ్... టింగ్... టింగ్...

ఈరప్ప మంత్రం ఆపాడు. తలెత్తి దీపాన్ని చూశాడు. అతని భుజం పక్కనుంచి బెల్టు తానే కదిలింది. నల్లతాచు పాకినట్టు ఛాతీ మీదుగా జారి, కిందికి దిగి...

టిక్!

మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి నేను భయపడినంతగా ఏ శబ్దానికీ భయపడలేదు.

బెల్టు బిగుసుకోవడం మొదలైంది. ఈరప్ప ఎర్ర బటన్‌ను నొక్కాడు. రెండు చేతులతో నొక్కాడు. గోళ్లతో పీకాడు. "విడువు... తల్లీ, విడువు! పోతా... ఈ సీమ విడిచి పోతా!"

శివాని పెదవులు కదిలాయి. వచ్చిన గొంతు శివానిది కాదు. కూరగాయల బండి దగ్గర ధర అడిగినంత మెల్లగా, ఏ కోపమూ లేకుండా మహాదేవి అడిగింది.

"నా బిడ్డను పిలిచింది నువ్వేనా?"

మబ్బు లేని ఆకాశం నుంచి పిడుగు పడింది! ఈరప్ప ఒళ్లో కపాలం పగిలి పొడి అయింది. అతని అరుపు సగంలో తెగిపోయింది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. అతన్ని కూర్చోబెట్టి ఉంచింది ఆ బెల్టే.

తలుపులు తెరుచుకున్నాయి. శివాని నా మీద వాలి, వెక్కి వెక్కి ఏడ్చి, చివరికి "నాన్నా, ఆకలైతాంది" అంది. పక్క హోటల్లోంచి సర్ఫరాజ్ ఉగ్గాని తెచ్చాడు. పిల్ల అంతా తినేసింది.

ఎండకు గుండె ఆగిందని ఈరప్ప గురించి పోలీసులు రాసుకున్నారు. రేకునూ వెంట్రుకలనూ నేను తుంగభద్రలో వదిలాను. సర్ఫరాజ్ సెన్సర్ షీటు కొత్తది వేశాడు. కనెక్టరు, వైరు, బక్కిల్ అన్నీ మార్చాడు. మీటరు పెట్టి చూస్తే ఏ తప్పూ లేదు. "ఇంగ నాకు తెలిసిన పని ఏమీ మిగల్లేదు సార్" అన్నాడు.

కట్టిన రేకు లేదు, కట్టినవాడూ లేడు. అయినా శివాని కారెక్కితే ఆ దీపం వెలుగుతుంది. నేను ఒంటరిగా వెళ్తే వెలగదు. వెలిగినప్పుడు పక్కకు వంగి, ఖాళీ సీటుకు బెల్టు పెడతాను. దీపం ఆరుతుంది. అద్దంలో చూస్తే శివాని నెమ్మదిగా పాఠం చదువుకుంటూ ఉంటుంది.

మంత్రాలయం వెళ్లి శాంతి చేయిద్దామని, ఆమె ఆత్మకు దారి ఇద్దామని అక్క అడుగుతూనే ఉంది. అది న్యాయమే. మహాదేవిని వెళ్లిపొమ్మని నేను ఇంకా చెప్పలేదు.