దీపం లేని చెయ్యి

ఎర్రదిబ్బ కాలనీలో నమస్కారాలు ఎప్పుడో మానేశారు. అంగారకుడి మీద గేటు దాటాలంటే ఇద్దరేసి వెళ్లాలి, వెళ్లే ముందు మణికట్లెత్తి ఒకరికొకరు పచ్చదీపం చూపించుకోవాలి. దీపం వెలిగితే నమ్మకం ఉన్నట్టు. ఆరుబయట కీచులాడుకుని ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువవడంతో డాక్టర్ నిలోఫర్ మణికట్టుకి కట్టుకునే ఈ దీపపు తోడుపట్టీని కనిపెట్టింది. అది ఆక్సిటోసిన్‌ని, ఆవిడ పెట్టిన పేరు చెప్పాలంటే మైత్రీరసాన్ని, చర్మం గుండా చుక్కచుక్కగా రక్తంలోకి ఎక్కిస్తుంది. దాంతో పక్కనున్న మనిషి సొంతమనిషి అనిపిస్తుంది.

కనిపెట్టినావిడకి మాత్రం జన్మలో ఒక్క స్నేహితురాలు లేదు.

మంచులోయకి దారి వెతికే యాత్రకి ఆవిడ పట్టుబట్టి బయల్దేరింది. జతగా డ్రిల్లు నడిపే పైడితల్లి దొరికింది. మొదట్లో ఇద్దరూ ఉప్పూ నిప్పూ. పైడితల్లి హెల్మెట్ రేడియోలో గొంతెత్తి పాడుతుంటే నిలోఫర్ విసుక్కునేది. వారం తిరిగేసరికి పైడితల్లి తన యాసలో అక్కా అన్నట్టు "అప్పా" అని పిలవసాగింది, నిలోఫర్ ఆ పాటకి గొంతు కలపసాగింది. తను పాడగలనని, కడుపుబ్బ నవ్వగలనని నడివయసులో తెలిసొచ్చింది పాపం. అంతా తన పట్టీ మహిమేనని మురిసిపోయింది.

లోయ అంచున నేల విరిగింది. నిలోఫర్ జారిపోయి, రాతిపగులులో తాడుకొక్కెం దిగబడటంతో గాల్లో వేలాడింది. పగులు పెద్దదవుతోంది. పైనుంచి పైడితల్లి బోర్లా పడుకుని చెయ్యి చాపింది.

"ఆ కొక్కెం వొగ్గేసి నా సెయ్యట్టుకో అప్పా!"

ఆ మణికట్టు మీద పట్టీ నల్లగా ఉంది.

"నీ దీపం ఆరిపోయింది!"

"అదెప్పుడెలిగిందని! మొదటిరోజే బేటరీ పీకి బూటు హీటర్లో ఎట్టుకున్నాను, సలికి కాళ్లు కొంకర్లు పోతన్నాయని. పైన మెరిసే పచ్చముక్క అంటించినాను, అదిప్పుడు ఊడిపోనాది. సెయ్యియ్యి!"

నిలోఫర్ చెయ్యి కదల్లేదు. రసం ఎక్కని మనిషి తనని ఎందుకు పట్టుకుంటుంది? తన పట్టీ పచ్చగా వెలుగుతూనే ఉంది, అయినా ఆవిడ ఆ కొక్కేన్నే కరుచుకుంది.

పైడితల్లి ఆ కళ్లలోకి ఒక్కసారి చూసింది. తన తాడు పైన బండకి బిగించి, తనే కిందికి దిగి, నడుం పట్టుకుని పైకి ఈడ్చుకొచ్చింది. ఆ ఈడ్పుకి తన భుజం కీలు తప్పింది.

"ముందే ఎందుకు చెప్పలేదు?" ఊపిరి అందాక నిలోఫర్ అడిగింది.

"సెప్తే నమ్ముదువేటి? ఇందాక సెప్పినాను కదా, నా సెయ్యట్టుకున్నావేటి?"

తిరుగుదారిలో పాట లేదు. గేటు దగ్గర "ఎల్లొస్తాను మేడమ్" అంది పైడితల్లి.

గదిలోకి వెళ్లగానే నిలోఫర్ పట్టీ విప్పేసింది. రసం దిగిపోతే బాధ కూడా దిగిపోతుందని ఆవిడ శాస్త్రం. రోజులు గడిచాయి, బాధ అక్కడే ఉంది. ఆ స్నేహం పట్టీది కాదని, అచ్చంగా తనదేనని అప్పటికి అర్థమైంది.

బోసి మణికట్టుతో గేటుకి పరుగెత్తింది. భుజానికి కట్టుతో పైడితల్లి మరొకరితో బయల్దేరుతోంది. నిలోఫర్ చెయ్యి చాపింది.

పైడితల్లి ఆ చెయ్యి అందుకోలేదు. తన మణికట్టు ఎత్తి చూపించింది. పట్టీ మీద దీపం పచ్చగా వెలుగుతోంది.

"కొత్త బేటరీ ఏసినాను మేడమ్," అంది. "సూసుకోండి."