రాగి రంగు పూసిన కాయిల్

"సార్, సాయంత్రంలోగా ఆయన సంతకం పెట్టేస్తారు! ఒప్పుకుంటే వదిలేస్తామని పోలీసులు అన్నారట. చెయ్యని దొంగతనం నెత్తినేసుకుంటే రేపు మమ్మల్ని ఎవరు గడప తొక్కనిస్తారు?"

ఏసీ మెకానిక్ భార్య డిటెక్టివ్ గుమ్మంలోనే కూలబడింది. అసిస్టెంటు మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకుందే గాని తాగలేదు. ఏడుస్తూనే జరిగింది చెప్పింది.

మందుల దుకాణంలో ఇన్సులిన్ దాచే గది సరిగ్గా చల్లబడటం లేదని పోయిన వారం ఆమె భర్తను మొదటిసారి పిలిచారు. అతను గ్యాస్ నింపి వచ్చేశాడు. గది మళ్లీ వేడెక్కింది, మందు పాడైంది. అది తెలియక వేసుకున్న యజమాని కూతురు ఆసుపత్రిలో ఒళ్లు తెలియకుండా పడి ఉంది.

"ఆ గదికి ఏసీ బిగించింది యజమాని బావమరిదే సార్. పొద్దున్నే పోలీసుల్ని వెంటేసుకొచ్చాడు. రాగి కాయిల్ కొట్టేసి అల్యూమినియంది తగిలించాడని మా ఆయన్ని ఈడ్చుకుపోయాడు."

డిటెక్టివ్ చెప్పులు వేసుకున్నాడు.

దుకాణం డాబా మీద ఏసీ కాయిల్, గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట, ఎర్రగా మెరుస్తోంది. అసిస్టెంటు ముఖం వెలిగింది. "రాగేగా సార్! ఇంక దొంగతనమెక్కడిది?"

డిటెక్టివ్ చాకుతో గీకాడు. రంగు ఊడి తెల్లటి లోహం బయటపడింది.

"చచ్చాం! అయితే మెకానిక్కే దొంగా?"

"తొందరపడకు. ఆ జాయింటు చూడు."

కాయిల్ వచ్చి రాగి గొట్టాన్ని కలిసే చోట రంగు ఉబ్బి, కింద తెల్లపొడి పేరుకుంది. పొడి తుడిస్తే సూదిమొనంత చిల్లు. డిటెక్టివ్ కిందికి దిగి అందరినీ పిలిపించాడు. అప్పటికి స్టేషన్లో మెకానిక్ చేతికి పెన్ను ఇచ్చేశారట. ఇన్‌స్పెక్టర్ అతన్ని తీసుకొచ్చేసరికి భార్య పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుని మరి వదల్లేదు.

"రాగీ అల్యూమినియం ఒకదాన్నొకటి తాకుతూ తడిలో ఉంటే అల్యూమినియం మెల్లగా అరిగిపోయి చిల్లు పడుతుంది," అన్నాడు డిటెక్టివ్. "రాగికేం కాదు. ఆ చిల్లు పడటానికి నెలలు పడుతుంది. వారం కిందట వచ్చినవాడి పని కాదిది. ఏమయ్యా మెకానిక్, నీ తప్పూ ఉంది. లీకు వెతక్కుండా గ్యాస్ కొట్టి చేతులు దులుపుకున్నావు."

మెకానిక్ తలదించుకున్నాడు. "నిజమే సార్. మేమందరం అలాగే చేస్తాం."

డిటెక్టివ్ బావమరిది వైపు తిరిగాడు. "నేను గీకేదాకా అది చూడ్డానికి రాగే. లోపల అల్యూమినియం ఉందని పొద్దున్నే మీకెలా తెలిసింది?"

"అదీ... ఎవరో అన్నారు."

"ఎవరు?"

బావమరిది గుమ్మం వైపు అడుగు వేశాడు. యజమాని అతని చొక్కా పట్టుకున్నాడు. "నువ్వేనట్రా? రాగిదని నాకు అంటగట్టింది ఇదా? ఆసుపత్రిలో పడి ఉంది నీ మేనకోడల్రా!"

"అల్యూమినియంది చవక, రంగేస్తే ఎవరికీ తెలీదనుకున్నా బావా. పాపకిలా అవుతుందని కల్లో కూడా అనుకోలేదు. భయమేసి ఇతని మీదకి తోసేశాను."

డిటెక్టివ్ గొంతు తగ్గించాడు. "ఇలాంటివి ఇంకెక్కడ బిగించారు?"

అతను గోడకి జారగిలబడి ముఖం కప్పుకున్నాడు. "పాప ఉన్న ఆసుపత్రిలో. మందుల గదికే."

యజమాని ఆసుపత్రిలో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు. ఆమె ఏడుపు అందరికీ వినిపించింది. "ఎన్నిసార్లు మందేసినా షుగరు దిగట్లేదండీ! ఎందుకో డాక్టర్లకే అంతు పట్టట్లేదు!"

"అక్కడి మందు ఆపమనండి! బయటి నుంచి తెస్తున్నాం!" డిటెక్టివ్ ఫోన్లోకి అరిచాడు. అసిస్టెంటు అప్పటికే ఇంకో దుకాణానికి పరుగెత్తాడు.

యజమాని మెకానిక్ రెండో చెయ్యి పట్టుకున్నాడు. "తమ్ముడూ, నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆసుపత్రి ఏసీ బాగుచెయ్యమని ఏ ముఖం పెట్టుకుని అడగను? అక్కడ నా కూతురే కాదు, ఎంతమంది ఉన్నారో..."

మెకానిక్ భార్య వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుని అతని చెయ్యి వదిలింది.

"తిట్ల సంగతి తర్వాత సార్," అన్నాడు మెకానిక్. "బండి తియ్యండి. ఈసారి లీకు దొరికేదాకా డాబా దిగను."