బూడిదరంగు ఇంజను

శనివారం పొద్దున ఓట్స్ జావ తాగి గిన్నె పక్కకు నెట్టాక వాల్టర్ హోల్డెన్ చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. ముందుగదిలో అద్దాల బీరువా తెరిచే ముందు ఆయన ఎప్పుడూ చేసే పనే అది. చేతి చెమట అంటితే రేకు మీది పాత రంగు మచ్చపడుతుంది.

"పెళ్ళినాడు నా చెయ్యి పట్టుకునే ముందు కూడా ఇంత శుభ్రంగా కడుక్కోలేదు," అంది ఎనిడ్ వంటింట్లోంచి.

"కడుక్కున్నాను."

"అబద్ధం. మగ్గాల నూనె వాసన వచ్చింది."

వాల్టర్ బీరువా తాళం తీశాడు. బర్న్‌లీ ఊళ్ళో బట్టల మిల్లుల్లో నలభై ఏళ్ళ పైన మగ్గాలు బాగుచేసిన మనిషి. ఆ హోరులో మాట్లాడినా ఎవరికీ వినపడదు కనక, మాట్లాడకపోవడం అలవాటైపోయింది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

బీరువా నిండా కీ ఇస్తే నడిచే రేకు ఇంజన్లు. అన్నీ లాంగ్‌షా అనే పాత బొమ్మల కంపెనీవే, అన్నీ ఒకే నమూనావి, ఒకటి తప్ప అన్నీ ఎర్రవి. ఎనిడ్ కంటికి ఒకే ఇంజను మళ్ళీ మళ్ళీ కొన్నట్టుంటుంది. వాల్టర్‌కి ఏ రెండూ ఒకటి కావు. ఒకదానికి నెత్తిన గుమ్మటం ఇత్తడిది. మరుసటేడు ఇత్తడి ప్రియమై కంపెనీవాళ్ళు దాన్నే రేకుతో చేశారు. ఒకదాని చక్రాల ఆకులు సన్నం, ఒకదానివి లావు. ఒకదాని మీద అక్షరాలకు నీడ గీత ఉంటుంది, దాని తమ్ముడికి ఉండదు. ఒక్కొక్కదాని కింద చిన్న అట్టముక్క మీద ఏ ఏటిదో, తేడా ఏమిటో రాసి పెట్టుకున్నాడు. స్ప్రింగు చాలాకాలం కదలకుండా ఉంటే బిగుసుకుపోతుందని ప్రతి శనివారం ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, కొంచెం కీ ఇచ్చి, చక్రాలు గాలిలో తిరగనిస్తాడు.

చివరి వంతు అడుగు అరలో వెనక మూల, ఫ్లానెల్ గుడ్డలో చుట్టి ఉన్నదానిది. అదొక్కటే బూడిదరంగు ఇంజను. చిన్నప్పుడు నాన్న ఇచ్చింది.

"టీ తెచ్చాను నాన్నా."

వెనక్కి చూస్తే గుమ్మంలో కొడుకు కీత్. గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బస్సు బాడీలు కట్టే కర్మాగారం మూతపడ్డ దగ్గర్నుంచి, ఆ వెంటనే పెళ్ళాం కూడా వదిలి వెళ్ళిన దగ్గర్నుంచి, ముప్పై దాటిన ఆ కుర్రాడు తన పాత గదిలోకి తిరిగొచ్చి పగలంతా దుప్పటి కప్పుకుని పడుకుంటున్నాడు. ఈ వారం మాత్రం పొద్దున్నే లేచి పెరట్లో షెడ్డులోకి పోతున్నాడు. ఎందుకని వాల్టర్ అడగలేదు.

"అక్కడ పెట్టు."

కీత్ పెట్టాడు గాని వెళ్ళలేదు. ఎనిడ్ కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వాడి పక్కన నిలబడింది. ఇద్దరి మొహాల్లోనూ దాచుకోలేని సంబరం ఉంది. వాల్టర్‌కి అర్థం కాలేదు. అడుగు అరలోంచి గుడ్డ మూట తీసి విప్పాడు.

లోపల ఇంజను ఎర్రగా మెరిసింది.

"నీ పుట్టినరోజు నాన్నా. మర్చిపోయావా?" అన్నాడు కీత్. "అరవై అయిదు."

వాల్టర్ దాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పాడు. పొగగొట్టం అంచున చిన్న సొట్ట ఉంది. తనదే. బూడిదరంగు పోయింది, దాని మీది తెల్ల అక్షరాలు పోయాయి. కొత్త ఎరుపు మీద బంగారు అక్షరాలు ముద్దుగా కూర్చున్నాయి.

"ఏం చేశావు దీన్ని?"

"పాత రంగు కడిగేశాను. మూడు పూతలు వేశాను, దీపం కింద ఆరబెట్టి..."

"ఎవరు వెయ్యమన్నారు?"

కీత్ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "నువ్వే కదా నాన్నా ప్రతి క్రిస్మస్‌కీ చెప్పేవాడివి. వీధిలో పిల్లలందరి దగ్గరా ఎర్ర ఇంజన్లే ఉన్నాయి, నాకు మాత్రం బూడిదది వచ్చింది, పుడ్డింగు కూడా ముట్టకుండా ఏడ్చాను అని. అందరూ నవ్వేవాళ్ళు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. మిగతావాటితో పెట్టకుండా దీన్ని మూల దాస్తే, చూసుకోలేకే దాచావనుకున్నా."

"చూసుకోలేకా?" వాల్టర్ గొంతు పెరగలేదు, ఇంకా కిందికి దిగింది. "యుద్ధం వచ్చి ఎర్ర రంగు అయిపోతే, ఓడలకు వేసే బూడిద రంగు వేసి కొద్దిగా చేశారు. తర్వాత బొమ్మలు చెయ్యడమే మానేశారు. నాకు తెలిసి ఇలాంటిది ఇంకొక్కటే మిగిలింది. పాత రంగు ముట్టుకోకూడదని, మురికైనా తుడవకూడదని ఈ బొమ్మలు దాచుకునే ప్రతివాడికీ తెలుసు. బీరువా పక్కనే పుట్టి పెరిగావు, నీకు తెలీదూ?"

"తెలీదు. నాకెప్పుడైనా చెప్పావా?"

వాల్టర్ ఇంజను బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది నాది కాదు," అన్నాడు.

కీత్ కాసేపు ఆ ఇంజను వైపే చూశాడు. "సరే నాన్నా," అని మేడెక్కి వెళ్ళిపోయాడు.

పైన బట్టల అలమర తలుపు చప్పుడైంది. కాసేపటికి మెట్ల మీంచే వాడి గొంతు వినిపించింది. "అమ్మా, కర్మాగారంలో నాతో పనిచేసిన టెర్రీ కోవెంట్రీలో గది ఇస్తానన్నాడు. మధ్యాహ్నం బస్సుకి పోతా."

ఎనిడ్ వచ్చి వాల్టర్ ఎదురుగా కూర్చుంది.

"తిట్టేదేదో నన్నూ తిట్టు. బీరువా తాళం తీసిచ్చింది నేనే. నువ్వు చూస్తే తెలియకూడదని గుడ్డలో బంగాళదుంప చుట్టి పెట్టింది కూడా నేనే."

"బంగాళదుంపా?"

"పెద్దదే వెతికి పెట్టాను. నవ్వకు, నేను నవ్వించడానికి చెప్పలేదు. వారం నించీ వాడు షెడ్డులో ఈల వేసుకుంటుంటే విన్నావా?"

"విన్నాను."

"కర్మాగారం మూశాక వాడు ఈల వెయ్యడం ఇదే మొదలు. చక్రాల ఆకు ఇంత సన్నమా అంత లావా అని భూతద్దం పెట్టి చూస్తావు. ఆ ఈల వినిపించి కూడా నీకేమీ అనిపించలేదా? వాడు ఈ గుమ్మం దాటితే మళ్ళీ రాడు వాల్టర్. నీ కొడుకే, నీ మొండితనమే."

వాల్టర్ అలవాటుగా జేబులోంచి భూతద్దం తీసి ఇంజను తిరగేశాడు. ఎక్కడ చెడిందో చూద్దామనే తీశాడు. ఎక్కడా చెడలేదు. డ్రైవరు నిలబడే గూటి లోపలికి చూస్తే అక్కడ ఇంకా బూడిదరంగే ఉంది. గీతలతో, పాత మరకతో, ఎలా ఉండేదో అలాగే. ఎరుపు ఎక్కడ ఆగిందో అక్కడ అంచు బద్ద పెట్టి గీసినట్టుంది.

"ఆ క్రిస్మస్ కథ నువ్వెప్పుడూ ఏడుపు దగ్గరే ఆపేస్తావు," అంది ఎనిడ్. "మీ నాన్న ఏమన్నాడు మరి?"

వాల్టర్ భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"ఈ ఊళ్ళో దొరకలేదట. పనయ్యాక మాంచెస్టర్ పోయాడు. బాంబుల భయానికి వీధుల్లో దీపాలు లేవు, రైల్లో దీపాలు లేవు. ఒక దుకాణంలో ఆఖరిది ఇదే ఉందట. కోటు లోపల పెట్టుకుని తెచ్చాడు. నేను చూసి..." ఆయన ఆగాడు. "ఇది నాది కాదు అన్నాను."

ఎనిడ్ కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"సరే బాబూ, అన్నాడు. తనే కీ ఇచ్చి నేల మీద వదిలాడు. అది పోయి నిప్పులు బయటపడకుండా పొయ్యి ముందు పెట్టే ఇనుప కంచెకు తగిలి ఆగిపోయింది. నేను లేచి తెస్తానేమోనని మోకాళ్ళ మీద అలాగే కూర్చున్నాడు. నేను లేవలేదు. తర్వాత పటాలంతో ఫ్రాన్సు పోయాడు, అక్కడే పోయాడు. ఏ రంగుదైతేనేం, బాగుంది నాన్నా అని చెప్పనేలేదు."

"ఇన్నేళ్ళూ ఇది నాక్కూడా చెప్పలేదు," అంది ఎనిడ్ మెల్లగా. "చెప్పి ఉంటే వాడు ఆ రంగు ముట్టుకునేవాడా?"

మెట్ల మీద సంచి దిగుతున్న చప్పుడైంది. వాల్టర్ ఇంజను తీసుకుని వంటింట్లోకి నడిచాడు. కీత్ కోటు వేసుకుని అక్కడికి వచ్చేసరికి తండ్రి కుర్చీ పట్టుకుని, మోకాళ్ళు పటపటలాడుతుంటే నేల మీద కూర్చుంటున్నాడు.

"నాన్నా, బస్సు టైమవుతోంది."

"గూటి లోపల ఎందుకు వెయ్యలేదు?"

కీత్ సంచి పట్టు మార్చుకున్నాడు. "స్ప్రింగులోకి రంగు దిగితే తిరగదు. టేపు అంటించాను."

"ఈ ఎరుపు ఎక్కడ దొరికింది?"

"దొరకలేదు. కలిపాను. నీ బీరువాలో పై వరసలో మూడోదాన్ని చూసి."

"దాంట్లో కొంచెం నలుపు ఉంటుంది."

"తెలుసు. కలిపాను. మొదట ఎక్కువైంది, పారబోసి మళ్ళీ కలిపాను."

వాల్టర్ తల ఊపాడు. ఇంజను కడుపులోకి కీ గుచ్చి వేళ్ళకు బిగుతు తగిలేదాకా తిప్పాడు. ఆ క్రిస్మస్ నించీ చేతిలో తిప్పడమే గాని, దాన్ని ఆయన ఎన్నడూ నేల మీద పెట్టలేదు. ఇప్పుడు పెట్టాడు.

"మా నాన్నకు చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది," అన్నాడు కొడుకు వైపు చూడకుండా. "నీక్కూడా చెప్పకుండా ఉండిపోతే నేను బతికి ఏం లాభం. బాగుంది కీత్. చాలా బాగుంది."

చెయ్యి వదిలాడు. ఇంజను గరగరమంటూ లినోలియం పరిచిన నేల మీద పరుగెత్తి, బల్లకాళ్ళ మధ్యనుంచి దూరి, పొయ్యి ముందున్న ఇనుప కంచెకు కొట్టుకుంది. అక్కడే నిలబడి చక్రాలు తిప్పుతోంది. వాల్టర్ మోకాళ్ళ మీద అలాగే కూర్చుని చూస్తున్నాడు.

కీత్ సంచి కింద పెట్టాడు. వెళ్ళి వంగి దాన్ని తీశాడు. చక్రాలు ఇంకా తిరుగుతుండగానే తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. తన చేతులు తియ్యకుండా అలాగే పట్టుకున్నాడు.

ఎనిడ్ సంచి తీసుకుని మేడెక్కింది. తిరిగొచ్చేసరికి వాల్టర్ బల్ల దగ్గర కూర్చుని కొత్త అట్టముక్క మీద ఏదో రాస్తున్నాడు. అక్షరాలు నెమ్మదిగా వస్తున్నాయి. పూర్తయ్యాక ఇంజనుతోపాటు దాన్ని బీరువాలో పై వరస మధ్యన పెట్టాడు. ఎనిడ్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"బయట ఎరుపు, లోపల బూడిద. వేసినవాడు కీత్ హోల్డెన్. ఇలాంటిది ఇంకెక్కడా లేదు."