తూము దగ్గర రెండో పిలుపు

పదకొండేళ్లుగా ఎవరూ వినని గొంతును విన్నవాడు ముందుగా దేన్ని అనుమానించాలి: లోకాన్నా, తన చెవులనా?

ఆ ప్రశ్న వేసుకోవలసిన రోజున అతడు వేసుకోలేదు. నెల దాటాక, పొగమంచులో, మోకాలి లోతు బురదలో నిలబడి వేసుకున్నాడు.

వినడం అతడి ఉద్యోగం. చిత్తడి నేల పొడవునా పన్నెండు కర్రలు పాతి, ఒక్కోదానికి ఒక రికార్డర్ పెట్టె కట్టాడు. వారానికోసారి మధ్యాహ్నం పూట వచ్చి కార్డులు తీసుకుపోయేవాడు. అద్దెగదిలో తలుపులు మూసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పెట్టెలు విన్నదంతా తాను మళ్లీ వినేవాడు. కప్పలు, కీటకాలు, రెల్లు ఒరిపిడి. ఒకనాడు మూడో పెట్టెలో, తెల్లవారుజాము ఐదూ నలభైకి, రెల్లుకోడి పలికింది. మూడు మెట్లు దిగి ఒక మెట్టు ఎక్కినట్టుండే పిలుపు. ఆ పిట్ట ఇక లేదని పుస్తకాలు రాసేసుకుని పదకొండేళ్లయింది.

ఇలాంటి సంగతి ఒక్కడు విన్నానంటే చెల్లదు. ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పకుండా మరో ముగ్గురికి వినిపించాలి. వాళ్లు సంతకం పెట్టాలి. ఆ ముగ్గురిదీ తలో దేశం. ఒకావిడ సముద్రపు ఒడ్డున తాబేలు గుడ్లకు కాపలా కాస్తుంది. ఒకాయన మంచుకొండ లోపలి గదిలో దేశదేశాల తిండిగింజలను తలా ఒక పిడికెడు చొప్పున దాస్తాడు. మూడో ఆమె ఎక్కడో ద్వీపంలో చచ్చిపోతున్న పగడపు దిబ్బలకు నీళ్లకింద అంట్లు కడుతుంది. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. అయినా ఎవరి మూల వాళ్లు పట్టుకుని నిలబడితేనే లోకం చిరగకుండా ఉంటుందన్న నమ్మకం నలుగురిదీ ఒకటే.

ముగ్గురూ ఔనన్నారు. తాబేళ్లావిడ అయితే, "ఈ రాత్రి గుడ్లకి కూడా చెప్పాను" అని రాసింది. పేపర్లో, రెండు పిట్టలున్నాయన్న వార్త పక్కన, అతడి ఫొటో పడింది. చిత్తడిని పూడ్చి గోదాములు కట్టాలనుకున్న ఊరి సభవాళ్లు నిర్ణయాన్ని నెలన్నర వాయిదా వేశారు.

ఆ తరవాత ఒక వారం మధ్యాహ్నం కుదరక, అతడు తెల్లవారుజామున వచ్చాడు. పొగమంచులో తన చెయ్యి తనకే కనిపించడం లేదు. మూడో పెట్టె కోసం తడుముకుంటుండగా పది అడుగుల దూరంలో రెల్లుకోడి పలికింది.

మడుగులోని కప్పలన్నీ ఎవరో గొంతు నొక్కినట్టు ఒక్కసారిగా ఆగిపోయాయి. అతడు ఊపిరి బిగబట్టి వంగాడు. మంచు కొంచెం పలచబడింది. తూము గట్టు మీద రబ్బరు బూట్లు వేసుకున్న ఒకమ్మాయి, రెండు వేళ్లు పెదవుల దగ్గరే ఉంచుకుని, తల పక్కకు వాల్చి వింటోంది.

అతడి బూటు బురదలో చప్పుడు చేసింది.

"ఎవడ్రా అది? కదిలావో, ఈ రాడ్డు నీ వీపు మీదే వంగుద్ది!"

"కదలడం లేదండీ. కదలలేను కూడా. బూటు ఇరుక్కుపోయింది."

"దొంగవా?"

"కాదండీ. వినేవాణ్ని."

"ఏం వింటావు?"

"ఇందాకటిదాకా పిట్టల్నే."

ఆమె రాడ్డు దించకుండానే రెండడుగులు ముందుకొచ్చి చూసింది. "అయ్యో, మీరా! పెట్టెలాయన! పేపర్లో చూశాను. ఫొటోలో చెవులు బాగా పెద్దవిగా పడ్డాయిలెండి."

తూము ఆమె తాతయ్య చేతి నుంచి ఆమె చేతికి వచ్చింది. షట్టరు ఎత్తితే కాలవ నీళ్లు మడుగులోకి వస్తాయి, మడుగు నుంచి కింది చేలకు పారతాయి. రెల్లుకోడి నీటి అంచునే గూడు కడుతుంది. అందుకని తాతయ్య షట్టరు ఎత్తేముందు ఈల వేసి పిట్టను పిలిచేవాడు. జవాబు దగ్గర్లో వినిపిస్తే ఆ పూటకు ఈ తూము మూసి, పక్క కాలవ తెరిచేవాడు.

"నాకు ఏడేళ్లప్పుడే నేర్పారు. తప్పు ఈల వేస్తే నెత్తిన మొట్టేవారు. పిట్టలు పోయాక కూడా మానలేదు. ఆయన పోయాక నేనూ మానలేదు. పిచ్చి కదూ?"

"రోజూ పిలుస్తారా?"

"రోజూ. ఎత్తేముందు ఒక్కసారి." ఆమె రాడ్డు పక్కన పెట్టింది. "మీ వార్త చూసిన రోజు ఏడ్చేశానండీ. తాతయ్య ఫొటో ముందు కూర్చుని పేపరంతా చదివి వినిపించాను. ఆయన పోయిన ఈ ఆరేళ్లూ ఎవరూ లేని ఇంటి తలుపు కొడుతున్నానేమో అనుకున్నా. లోపల ఉన్నారన్నమాట."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. అతడు చెప్పలేదు. "బూటు లాగడానికి కాస్త చెయ్యిస్తారా?" అన్నాడు.

మర్నాడూ వెళ్లాడు. ఆ మర్నాడూ.

"పెట్టెలకి రోజూ బ్యాటరీలు అయిపోతున్నాయా?" అంది ఆమె నాలుగో రోజు.

"పాతవండీ."

"పాపం. ఆదివారం కూడా అయిపోతున్నాయే!"

ఆమె ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చేది. అతడు హెడ్‌ఫోన్స్ ఇచ్చి, చేప పిల్లలు నీళ్లకింద చేసే చిటపటలు వినిపించేవాడు. ఆమె కళ్లు పెద్దవి చేసుకుని వింటుంటే, వినడం తన ఉద్యోగమన్న సంగతి మరిచిపోయి అతడు చూస్తూ కూర్చునేవాడు. "నా మొహంలో ఏమైనా పలుకుతోందా?" అని ఆమె అడిగితే చూపు మళ్లించుకునేవాడు.

కానీ ప్రతి ఉదయం ఐదూ నలభైకి ఆమె పిలిచేది. కప్పలు నోరు మూసుకునేవి. ఆమె ఆశగా తల వాల్చి, పెదవుల్లోనే పది లెక్కపెట్టి, నిట్టూర్చి, చక్రం తిప్పేది. తుప్పుపట్టిన షట్టరు కీచుమంటూ లేచేది. ఆ పది అంకెల నిశ్శబ్దంలో అతడికి మడుగంతా ఒకే చెవిగా మారి తననే వింటున్నట్టు తోచేది. గాలి లేకుండానే దూరాన రెల్లు ఒకచోట విడిపోయి మళ్లీ మూసుకునేది. తన అబద్ధానికి మడుగు సాక్షిగా ఉందనుకునేవాడు. గదికి పోయి ఆ కార్డులు వినడం కూడా మానేశాడు.

పదహారో రోజు. పదింటికి సభ, వాయిదా పడ్డ నిర్ణయం కోసం. అతడు రాత్రంతా ఒక ఉత్తరం రాసి ఫోన్లో ఉంచుకుని వచ్చాడు.

"మీకో మాట చెప్పాలి."

"అమ్మయ్య," అందామె. "ఇంకో రెండ్రోజులు చూసి నేనే చెప్పేద్దామనుకున్నా."

"అది కాదండీ."

"అది కాదా?" ఆమె ముఖం వాడిపోయింది.

"అదీ ఉంది. దానికంటే ముందు ఇంకోటుంది. నేను రికార్డు చేసింది పిట్టను కాదు. మిమ్మల్ని."

ఆమె ఫ్లాస్కు మూత బిగించింది. విప్పింది. మళ్లీ బిగించింది.

"అంటే నా ఈల గురించి పేపర్లో చదువుకుని, నేనే ఏడ్చానా?"

"ఔను."

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు రాడ్డు ఎత్తిన రోజే."

"పదహారు రోజులు! రోజూ నా టీ తాగుతూ, నేను చెవులు రిక్కించుకుని నిలబడుతుంటే చోద్యం చూశారా? సిగ్గులేదూ?"

"చోద్యం కాదండీ. మీ మొహం ఇలా అయిపోతుందని భయపడ్డాను. చిత్తడి కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా సగమే నిజం. ఇవాళ సభకి నిజం చెబుతూ ఉత్తరం రాసి తెచ్చాను."

ఆమె లేచి నాలుగడుగులు వేసింది. గట్టు చివర ఆగి, వెనక్కి తిరిగింది.

"పేపర్లో రెండు పిట్టలని రాశారు. ఒకటి పిలిస్తే ఒకటి పలికిందని."

"మూడో పెట్టెలో ఒకటి, ఏడో పెట్టెలో ఒకటి."

"నేను ఒక్కసారే పిలుస్తాను."

సిగ్గు కూడా ఒక చెవుడే. అంతా ఆమే అని తేల్చుకున్నాక అతడు రెండోదాన్ని మళ్లీ వినలేదు. ఫోన్లో దాన్ని వెతికి, హెడ్‌ఫోన్స్ చెరో చెవికి ఆనించుకుని కూర్చున్నారు. మొదట దూరంగా ఆమె ఈల. తరవాత చక్రం కీచుమనడం. ఆ రొద అడుగున, ఈల వేశాక ముప్పై నాలుగో సెకనులో, నీటికి గొంతు వచ్చినట్టు, మూడు మెట్లు దిగి ఒక మెట్టు ఎక్కిన పిలుపు.

"ప్రతిధ్వనేమో," అంది ఆమె గుసగుసగా.

"ఇంత ఆలస్యంగా రాదు."

"తాతయ్య పిలిచాక ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా కూర్చునేవారు. బద్ధకం అనుకునేదాన్ని. నేను పది లెక్కపెట్టి తిప్పేస్తాను, కింది చేల బాబాయి నీళ్లకోసం చేసే ఫోన్ల భయానికి." ఆమె హెడ్‌ఫోన్ తీసేసింది. "జవాబు చెబుతుంటే వినకుండా దాని గూటి మీదికి నీళ్లు వదిలానా? రోజూ?"

టైము చూశారు. ఐదూ ముప్పై తొమ్మిది.

ఆమె పిలిచింది. కప్పలు ఆగిపోయాయి. పది దాటింది. ఆమె చెయ్యి అలవాటుగా చక్రం మీదికి వెళ్లబోతే అతడు పట్టుకున్నాడు. ఇరవై. ముప్పై. మంచు కదలడం లేదు.

ఏడో పెట్టె వైపు నుంచి కాదు, ఇంకా ఇవతలి నుంచి, దాదాపు వాళ్ల కాళ్లకింద నుంచి పలికింది.

అతడికి సంతోషం కలగలేదు. భయం వేసింది. లేనివాడి పేరు మీద కబురు పంపితే, ఆ మనిషే వచ్చి గుమ్మంలో నిలబడి, ఎవరు నా సంగతి చెప్పింది అని అడిగినట్టుంది. పట్టుకున్న చెయ్యిని ఇద్దరూ వదల్లేదు.

ఆమె అంది: "ఉందిగా. మీరు చెప్పిందే నిజమైంది. ఇంకా ఆ ఉత్తరం ఎందుకు? వదిలెయ్యండి. పదింటికి వాళ్లు చిత్తడిని ఉంచేస్తారు."

అతడు ఆలోచించాడు. పిట్ట ఉంది. కానీ ఆ ముగ్గురూ సంతకం పెట్టింది పిట్టకు కాదు, ఈ అమ్మాయి ఈలకు. తాబేళ్లావిడ గుడ్లకు చెప్పిన మాట అతడి మాట. నిజం తనంతట తాను వచ్చి పక్కన నిలబడినంత మాత్రాన, అతడు తెలిసీ దాచిన రోజులు నిజమైపోవు. ఎక్కడో ఎవరో రేపు మరో గొంతు విన్నామంటే, నమ్మడానికి లోకానికి మిగిలేది ఇలాంటి సంతకాలే.

"మీ తూము పోవచ్చు," అన్నాడు.

"పోవచ్చు." ఆమె పెదవి కొరుక్కుంది. "నన్నలా చూడకండి. పంపే వేలు మీది."

అతడు ఉత్తరంలో చివరి భాగం కొట్టేసి మళ్లీ రాశాడు. మూడో పెట్టెలోని పిలుపు మనిషిది. ఈ సంగతి నాకు పదహారు రోజులుగా తెలుసు. ఏడో పెట్టెలోనిది ఎవరిదో నేను చెప్పలేను, దయచేసి వినండి. ముగ్గురికీ, సభకూ కలిపి పంపాడు.

"ఆ రెండోది కూడా ఇప్పుడే చెప్పెయ్యండి," అంది ఆమె. "ఎలాగూ నిజాలు చెబుతున్నారు."

"మీరంటే నాకు ప్రేమ."

"ఇంత ఏడుపు మొహంతోనా? సరే, రాసుకున్నాను. మీకు సంతకం పెట్టేవాళ్లు ముగ్గురు కావాలేమో, నాది ఒక్కటే ఉంది."

ఆమె ఫోన్ మోగింది. ఆమె ఎత్తి, స్పీకర్ పెట్టింది.

"ఏమే, నీళ్లేవి? ఆరవుతోంది, నారు ఎండుతోంది!"

"ఇవాళ ఈ తూము ఎత్తను బాబాయ్. పక్క కాలవ తెరుస్తా, వంతులేసుకోండి."

"నీకేమైనా మతిపోయిందా?"

"రెల్లుకోడి పలికింది."

"పేపర్లో చదివావా, చెవులతో విన్నావా?"

"విన్నా."

"అయితే ఎత్తకు," అన్నాడు బాబాయి. "నారు సంగతి నేను చూసుకుంటా. పక్కన ఎవరో మగమనిషి ఊపిరి వినబడుతోంది. ఎవరే?"

"వినేవాడు బాబాయ్. తరవాత చెబుతా." ఫోన్ పెట్టేసింది.

పక్క కాలవ తెరిచి వచ్చి, తూము చక్రానికి గొలుసు చుట్టి, తాళం వేసి, ఈడ్చి చూసింది.

"సభలో మిమ్మల్ని ఉతికేస్తారు."

"తెలుసు."

"అది నా గొంతేనని వాళ్లు నమ్మొద్దూ? నేనొచ్చి వాళ్ల ముందు ఈల వేస్తాను. తరవాత ముప్పై నాలుగు అంకెలు లెక్కపెట్టమంటాను. ఇక్కడికొచ్చి, నోరు మూసుకుని, వాళ్లనే." బురద బూట్లతోనే అతడి స్కూటర్ వెనక ఎక్కి కూర్చుంది. "పోనివ్వండి."

అతడు స్కూటర్ స్టార్ట్ చేశాడు.